ధడా కట్టిన గుండె

ఇట్లా దగ్గరికి జరుగు. ఇంకా కాస్త. ఆ కిటికీ తలుపు వేసేయ్, రోడ్డు మీద బండ్ల మోతలో సగం మాట కొట్టుకుపోతుంది. వినీ వినకుండా వినే కథ కాదు ఇది. కాళ్లు ముడుచుకుని కూర్చో, చెప్తా.

పెన్న ఏరు వట్టి ఇసుకగా మారిపోయే చోటికి పడమరన, వేరుశనగ కూడా మొలవనని మొండికేసిన ఎర్రమిట్ట ఒకటి ఉంది. ఆ మిట్ట మీద ఒక కార్ల కంపెనీ వాళ్లు పెద్ద ట్రాక్ వేశారు. నల్లగా, నున్నగా, మొదలూ చివరా లేకుండా గుండ్రంగా తిరిగొచ్చే రోడ్డు. అది ఎక్కడికీ పోదు. దాని మీద తిరిగే కార్లూ ఎక్కడికీ పోవు, కానీ వాటికున్నంత తొందర లోకంలో ఎవరికీ ఉండదు. కంచెకు బయట మేకలు, కంచెకు లోపల పిడుగులు. మేకలు మొదట్లో బెదిరి చెల్లాచెదురయ్యేవి. తర్వాత తల కూడా ఎత్తేవి కావు.

అక్కడ హేమావతి అని ఒక మనిషి పనిచేసేది. ఆ కార్లు గీసే గీతలు చదవడం ఆమె పని. కారు ఎంత వేగంగా పోయిందో ఎవరైనా చెప్తారు. ఆ వేగం ఎట్లా పెరిగిందో హేమావతి చెప్పేది. నువ్వు బస్సులో నిలబడి ఉంటావు, డ్రైవరు ఒక్కసారిగా ముందుకు ఉరికిస్తాడు, నువ్వు పోయి వెనకున్న ఆమె ఒళ్లో పడతావు. నిన్ను పడేసింది బస్సు వేగం కాదు, వేగం పెరిగిన తీరు. ఆ తోపునే చదువుకున్నవాళ్లు త్వరణం అంటారు. వడ్లగింజల్లాంటి సెన్సార్లు కారు నిండా అతికించి, ఆ తోపును సన్నసన్నగా తరిగి, స్క్రీన్ మీద గీతగా పోస్తారు. మనకు పిచ్చిగీతలా కనిపిస్తుంది. హేమావతికి అందులో గేరు మారిన చోటు, టైరు జారిన చోటు, చక్రం కింద పడి చిట్లిన గులకరాయి కూడా కనిపించేవి.

ఆ కార్లు తోలేవాళ్లలో ఒకడు ఆమె సొంత తమ్ముడు, ఓబులేసు. ఒకప్పుడు సిమెంటు లారీ తోలిన చేతులు వాడివి. అంత బరువును ఘాట్ రోడ్డులో దించినవాడు గనక, ఎంత వేగంలోనైనా వాడి చేయి వణికేది కాదు. ట్రాక్ పక్కనే కంపెనీ క్వార్టర్స్ ఉండేవి. ఒక ఇంట్లో ఓబులేసు, వాడి భార్య రేణుక, వాళ్ల నాలుగేళ్ల కూతురు కుందన, హేమావతి ఉండేవాళ్లు. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే "నాకు గీతలు చాలు" అనేది హేమావతి. వంట రేణుకది. కుందనకు తల దువ్వేదీ, గోరుముద్దలు పెట్టేదీ హేమావతే.

ఆ గీతలు చదివే ప్రయోగశాలకు పెద్ద చక్రపాణి. చెడ్డవాడు కాదు, ముందే చెప్తున్నా. పని తప్ప ఇంకోటి కనబడని మనిషి, అంతే. ఒకరోజు అగ్గిపెట్టెంత నల్లటి పెట్టె ఒకటి చేతిలో పట్టుకుని వచ్చాడు.

"కారు ఎంత తోస్తుందో అందరూ కొలుస్తారు హేమా. లోపల కూర్చున్న మనిషి ఎక్కడ బెదురుతాడో ఎవరూ కొలవలేదు. ఇది కొలుస్తుంది."

"ఎట్లా సార్? అంత హోరులో మనిషి కదలిక ఏం తెలుస్తుంది?"

"ధడా కట్టేస్తాం."

ధడా అంటే తెలుసు కదా నీకు? నెయ్యికని గిన్నె పట్టుకుపోతే, అంగడాయన ముందు వట్టి గిన్నెను తక్కెడలో పెట్టి, రెండో పక్క దానికి సరిపడా ఏదో ఒకటి వేసి సరిచేస్తాడు. ఆ తర్వాత పోసేదంతా నెయ్యే. గిన్నె బరువు లెక్కలోకి రాదు. ఆ పెట్టె చేసేదీ అదే పని. మనిషి లేని వట్టి కారు ఇంజన్ తిరుగుతూ ఉంటే, ఆ అదురునంతా ఒకసారి విని నేర్చుకుంటుంది. ఇక ఎప్పుడు కారు కదిలినా, నేర్చుకున్న ఆ అదురును మళ్లీ మళ్లీ తిప్పి తీసేస్తూ పోతుంది. గాలిది తీసేస్తుంది, రోడ్డుది తీసేస్తుంది. అన్నీ పోగా మిగిలేది మనిషి. గుండె కొట్టుకున్నప్పుడల్లా మన ఒళ్లంతా వెంట్రుకవాసి కదులుతుందట, మనకు తెలియదు గానీ. ఆ కదలిక సీటుకు తగులుతుంది. మనిషి కాలు బ్రేకు మీద పడకముందే వాడి గుండెలో బెదురు పెట్టెకు తెలిసిపోతుంది, కారు తనను తానే అదుపు చేసుకుంటుంది. ఎన్ని ప్రాణాలు నిలబడతాయో చూడండి అనేవాడు చక్రపాణి. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

పెట్టెను మొదట కొత్తగా దిగిన ఎర్ర కారు సీటు కింద బిగించారు. ఆ కారు ఓబులేసుకిచ్చారు. ఒక కారు పరీక్ష అయిపోయేదాకా ఒక్కడే తోలాలన్నది అక్కడి పద్ధతి.

"చల్లటి ఇంజన్ మొదటిసారి తిరిగినప్పుడే ధడా తీయాలి," అన్నాడు చక్రపాణి. "తర్వాత తీస్తే లెక్కంతా మళ్లీ మొదటినుంచి చేయాలి."

"మొదటిసారి ముహూర్తంలోనే తిప్పల్ల సార్," అన్నాడు ఓబులేసు. "రాహుకాలం వస్తాండాది. దాన్ని తోలేది నేను, మీరు కాదు."

"సరే, రెండూ ఒకేసారి కానివ్వవయ్యా."

బానెట్టు మీద పసుపు కుంకుమ పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. రేణుక కూతురికి పట్టులంగా కట్టి తీసుకొచ్చింది.

"కొత్త బండిని వట్టి సీటుతో తిప్పగూడదు సార్. ఆడబిడ్డ కూర్చోవల్ల. లక్ష్మి."

చక్రపాణి గడియారం చూసుకున్నాడు. పిల్లను చూసి నవ్వాడు. "మీ లక్ష్మి పిచ్చుకంత లేదు కదమ్మా. కూర్చోబెట్టండి, త్వరగా."

హేమావతే మేనకోడల్ని ఎత్తి సీట్లో కూర్చోబెట్టింది. బెల్టు పెట్టి, చేతిలో ఒక నిమ్మకాయ పెట్టింది. "కదలొద్దు బంగారూ, కదిలితే లక్ష్మి ఎగిరిపోతుంది," అంది. కుందన స్టీరింగు కింద మునిగిపోయి, నిమ్మకాయను రెండు చేతులా రొమ్ముకు అదుముకుని, కళ్లు గట్టిగా మూసుకుని బొమ్మలా కూర్చుంది. ఇంజన్ తిరిగింది. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. కర్పూరం ఆరిపోయేదాకా వెలుగుతూనే ఉంది.

వట్టి కారుకు ధడా తీయడం అయిపోయిందనుకున్నారు అందరూ. ఒకరినొకరు మోసం చేసుకోలేదు. పూజ పూజే, పని పనే. పూజలో కూర్చున్న పిల్లను పనిలో ఎవరు లెక్కేస్తారు?

ఈ చోటు గుర్తుపెట్టుకో. మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఎర్ర కారు పరుగు మొదలైంది. పెట్టె చెప్పినట్టే చేసింది. అన్నీ తీసేశాక స్క్రీన్ మీద నిదానంగా, నిబ్బరంగా, ఓబులేసు గుండె! తోడబుట్టినవాడి గుండెను కంటితో చూడటం ఎవరికి దొరుకుతుంది?

"ఒరేయ్, రెండో మలుపులో నీ గుండె జారింది. చూసినా," అంది వాడు దిగంగానే.

"నెమలి అడ్డమొచ్చిందక్కా! అది కూడా చెప్పిందా నీ పెట్టె? ఇంగ నయం, రేణుక చేతికియ్యొద్దు దాన్ని. నేను అబద్ధం చెప్తే దొరికిపోతా."

అంతా నవ్వారు. ఆ నవ్వు ఎక్కువ కాలం లేదు.

ఓబులేసు గుండె గీత కింద ఇంకొక సన్నటి గీత ఉంది. దాన్ని ముందు చూసింది హేమావతే. వడివడిగా కొట్టుకుంటోంది, పైగా తిరగబడి ఉంది. పైకి లేవాల్సిన చోట కిందికి దిగుతోంది. కొన్ని దెబ్బలు వరసగా పడి, ఒక దెబ్బ తప్పిపోయి, ఆ తప్పిన దాన్ని అందుకోవడానికన్నట్టు రెండు దెబ్బలు హడావుడిగా పడుతున్నాయి. ఏ పరుగు తీసి చూసినా అదే.

చక్రపాణి చాలాసేపు చూశాడు. "గుండెకు పైగది, కిందిగది ఉంటాయి హేమా. రెండూ ఒకే తాళంలో కొట్టుకోవాలి. మీ తమ్ముడికి పైగది ఒక తాళం, కిందిగది ఒక తాళం. తప్పిపోతున్న ఆ దెబ్బ ఏదో ఒకరోజు ట్రాక్ మీద తప్పితే..."

నాలుగు ఆసుపత్రులు తిప్పి ఓబులేసుకు అన్ని పరీక్షలూ చేశారు. ఏమీ దొరకలేదు. "మా మిషన్‌కు దొరకలేదు," అన్నాడు కంపెనీ డాక్టరు, "కానీ మీ పెట్టె మా మిషన్‌కన్నా సున్నితం అంటున్నారు కదా. నేను కాదనలేను. బరువులెత్తకు, పరుగెత్తకు, కారు జోలికి పోకు." మేలు చేద్దామనే అన్నాడు ఆయన కూడా.

ఆ మాట తమ్ముడికి చెప్పాల్సింది హేమావతే.

"నాకేమీ తెలీడంల్యాదే అక్కా. మిద్దెలెక్కుతాండా, దిగుతాండా. నొప్పి లేదు, ఆయాసం లేదు."

"గీతలో ఉందిరా."

ఓబులేసు అక్క మొహంలోకి చూశాడు. "నువ్వు చదివినావా? నువ్వే?"

"నేనే."

"అయితే ఉన్నట్టే," అన్నాడు. ఎర్ర కారు తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

వాడిని ట్రాక్ గేటు దగ్గర కూర్చోబెట్టారు, వచ్చేపోయే బండ్లకు తలుపు తీయడానికి. వానలు పట్టిన కాలం అది. ఆ చిన్న గదిలో కూర్చుని, రొమ్ము మీద అరచేయి పెట్టుకుని, ఓబులేసు తన గుండెను తానే వింటూ ఉండేవాడు. నువ్వూ అట్లా వినిచూడు కాసేపు. బాగున్న గుండె కూడా తప్పినట్టే ఉంటుంది. ఏ పిడుగుకూ జంకని మనిషి, చొక్కా గుండీ పెట్టుకుంటూ కూడా ఆగి వినేవాడు. పక్కకు ఒత్తిగిలడానికి భయం, గట్టిగా నవ్వడానికి భయం. అన్నిటికన్నా ఘోరం, కూతుర్ని ఎత్తుకోవడం మానేశాడు.

అంతకుముందు కుందన నేల మీద నడిచిన పిల్ల కాదు. నాన్న భుజమే ఆమె ఊరు. ఇప్పుడు గేటు నుంచి ఇంటిదాకా ఆ ఎర్రమట్టి దారిలో నాన్న వెనకే నడిచేది. సగం దూరంలో చతికిలబడేది.

"నాన్నా, ఎత్తుకో."

"నాన్నకు గుండె బాగలేదు తల్లీ. నడువు, నా బంగారు కదూ."

"నాకు కూడా గుండె బాగలేదు," అంది కుందన ఒకరోజు. అని, అచ్చం వాళ్ల నాన్నలాగే రొమ్ము మీద అరచేయి పెట్టుకుంది.

రేణుక పకపకా నవ్వింది. కష్టంలో కూడా నవ్వు రాకుండా ఉంటుందా, అంత ముద్దుగా చేయి పెట్టింది పిల్ల. "చూడండి వదినా, దీని యాక్షన్! వాళ్ల నాయన ఎట్లజేస్తే అట్ల!"

"ఒసే నక్కా, నడవడానికి బద్ధకం నీకు," అంది హేమావతి. అందరూ నవ్వారు. ఓబులేసు కూడా, గుండె అదరకుండా, మెల్లగా.

అంతటితో ఆ పిల్ల చేయి రొమ్ము మీదికి పోయినప్పుడల్లా ఇల్లంతా నవ్వడం అలవాటైపోయింది. ఇంటికి ఎవరైనా వస్తే "నాన్న ఎట్ల చేస్తాడో చూపించు" అనేవాళ్లు కూడా. ఆ పిల్ల చూపించేది. ఆటలు తగ్గిపోయాయి, అన్నం ముద్ద నోట్లోనే ఉండిపోయేది. తండ్రి మీద బెంగ అనుకున్నారు.

వానలు వెనకబట్టి చలి మొదలయ్యేసరికి ఎర్ర కారుకు కొత్త డ్రైవరును పెట్టారు. మస్తాన్ అని, మీసాలు కూడా సరిగా తిరగని కుర్రవాడు, గుర్రంలాంటి ఒళ్లు. మొదటి పరుగు గీత తెరిచిన హేమావతి కుర్చీలో వెనక్కి వాలిపోయింది. మస్తాన్ గుండె కింద అదే సన్నటి గీత, తిరగబడి, తప్పిపోతూ.

చక్రపాణి కళ్లు మెరిశాయి. భయంతోనే మెరిశాయి, కానీ మెరిశాయి. "ఇద్దరికీ ఒకే జబ్బు ఎట్లా వస్తుంది? ఇది మనుషుల జబ్బు కాదు హేమా. ఇంత త్వరణం గుండె గదులను విడదీస్తోంది! లోకంలో ఇట్లాంటి కార్లు తోలేవాళ్లందరికీ ఇది జరుగుతూ ఉండాలి. మనమే మొదట కనిపెట్టాం. చాటి చెప్పాలి."

సంగతి తెలిసి మస్తాన్ ప్రయోగశాల వాకిట్లోనే కూలబడ్డాడు. "మేడం, నా నిఖా ఖాయమైంది మేడం. పిల్ల తరపోళ్లకేం చెప్పాల? ఒక్క తూరి తోలితేనే గుండె రెండు ముక్కలైందని చెప్పాల్నా?"

ఒక్క తూరి తోలితేనే. ఆ మాట హేమావతికి ముల్లులా గుచ్చుకుంది. ఎంత వేగమైనా ఒక్క పరుగుకే గుండెను విడదీస్తుందా?

ఆమె లేచి షెడ్డుకు పోయింది. మస్తాన్ వెనకే వచ్చాడు. ఎర్ర కారు ఎక్కి, బెల్టు పెట్టుకుని, ఇంజన్ తిప్పింది. కారును అంగుళం కూడా కదిలించలేదు. షెడ్డులో ఉన్న స్క్రీన్ మీద ఆమె గుండె గీత వచ్చింది. దాని కింద ఆ సన్నటి గీతా వచ్చింది.

"మీకూనా మేడం!" అన్నాడు మస్తాన్. "కదలకుండానే?"

ఇంజన్ ఆపకుండా హేమావతి దిగింది. బెల్టు పెడితే తప్ప పెట్టె పలకదు, అందుకే ఎవరూ లేని సీటులో పెట్టె పలకడం ఎవరూ చూడలేదు అంతవరకు. ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగి కొక్కెం తగిలించింది. వెనక్కి తిరిగి స్క్రీన్ చూసింది.

పెద్ద గీత పోయింది. సన్నటి గీత ఉంది. ఎవరూ లేని సీటులో గుండె కొట్టుకుంటోంది. వడివడిగా కొట్టుకుని, ఒకటి తప్పి, రెండు హడావుడిగా అందుకుని, మళ్లీ వడివడిగా.

"యా అల్లా," అని మస్తాన్ రెండడుగులు వెనక్కి వేశాడు. "దయ్యముంది మేడం దీంట్లో. రాండి, బయటికి రాండి."

హేమావతి కదల్లేదు. సీటులో లేనిది గీతలో ఎట్లా ఉంది? తిరగబడి ఎందుకుంది? తిరగబడిందంటే... కలపడం కాదు, తీసేయడం. ఆ సన్నటి గీత పెట్టె ఇప్పుడు వింటున్న గుండె కాదు. తాను నేర్చుకున్న గుండె ఒకదాన్ని ప్రతి మనిషిలోంచీ తీసేస్తోంది. గిన్నెతోపాటు ఇంకేదో తక్కెడలో ఉండగా ధడా కట్టారు. అంత వడిగా కొట్టుకునేది పెద్దవాళ్ల గుండె కాదు. కోడిపిల్లను గుప్పిట్లో పట్టుకుంటే కొట్టుకుంటుంది చూడు, అట్లా. చిన్నది. పిచ్చుకంత.

పట్టులంగా. నిమ్మకాయ. కదలొద్దు బంగారూ.

దెబ్బ తప్పుతున్నది ఓబులేసుకు కాదు.

ఆమె ఎట్లా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. క్వార్టర్స్ మెట్టు మీద ఎండ పొడలో కుందన గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. పక్కపిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే చూస్తోంది. హేమావతి మోకాళ్ల మీద కూలబడి, ఆ చిన్న రొమ్ముకు చెవి ఆనించింది. పిల్ల కితకితలనుకుని నవ్వింది. తర్వాత చెవికి వినిపించింది. వడివడిగా, వడివడిగా, ఒకటి తప్పి, రెండు హడావుడిగా. స్క్రీన్ మీద అన్ని నెలలుగా చూసిందే. అదే చోట, అదే తీరు.

దగ్గరగా చూస్తే పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఇన్నాళ్లూ ఎవరు చూశారు?

"అత్తా, నేను ఊరికే చేయడంల్యా. నిజంగానే నొప్పి," అంది కుందన. తిడతారేమోనని భయపడుతూ అంది.

గేటు దగ్గర ఓబులేసు లేచి నిలబడ్డాడు, అక్క పిల్లను ఎత్తుకుని వస్తుంటే.

"నీది బాగుందిరా. నీది ఎప్పుడూ బాగానే ఉంది. పాపదిరా అది. పాపది."

మొదట వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక వాడు సంతోషపడలేదు. రొమ్ము మీద ఎప్పుడూ ఉండే ఆ చేయి జారి కిందికి వేలాడింది. "నడువు నడువు అని... ఈ దారెంబడి... అక్కా, నేను నడిపించినానే దీన్ని."

కంపెనీ జీపు ఉంది. కానీ దాని కుదుపు రాళ్లబండి కుదుపు. ఆ కుదుపును కొలిచింది హేమావతే. అంబులెన్స్ టౌను నుంచి రావాలి. చక్రపాణి అప్పటికే షెడ్డులో ఆ ఖాళీ సీటు గీతను చూసి, ఏమీ అడగకుండానే అంతా తెలుసుకుని వస్తున్నాడు. ఆ కారు ట్రాక్ దాటి బయటికి పోకూడదు. అది అక్కడి మొదటి నియమం. తాళం ఆయనే తెచ్చి ఓబులేసు చేతిలో పెట్టాడు.

హేమావతి ఒళ్లో పిల్లను పెట్టుకుని పక్కసీట్లో కూర్చుంది. రేణుకను మస్తాన్ మోటారుసైకిల్ మీద వెనక తెచ్చాడు. ఆ దారిలో ఓబులేసు తోలిన తీరు చెప్తా విను. పిడుగులా ఉరకడానికే పుట్టిన కారు అది. దాన్ని వాడు నిండా నీళ్లున్న బిందెను నెత్తిన పెట్టుకున్నట్టు తీసుకుపోయాడు. వేగానికి తక్కువ లేదు, కానీ ఎప్పుడు పెరిగిందో తెలియలేదు, ఎప్పుడు తగ్గిందో తెలియలేదు. ఒక్క తోపు లేదు, ఒక్క ఈడ్పు లేదు. తర్వాత హేమావతి ఆ దారి గీతను తీసి చూసింది. అన్నేళ్లలో ఏ కారూ గీయని గీత అది. పొడుగునా చదునుగా, నిద్రపోతున్న నీళ్లలా ఉంది. దాని కింద మాత్రం ఓబులేసు గుండె. నెమలి అడ్డమొచ్చినప్పుడు కూడా అంత బెదరలేదు.

పుట్టుకతోనే పిల్ల గుండెలో చిల్లు ఉందన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. "వానాకాలంలో తెచ్చి ఉంటే ఇంత కష్టం ఉండేది కాదమ్మా," అన్నాడు. మామూలుగానే అన్నాడు పాపం, ఆయనకేం తెలుసు. ఆ వానాకాలంలోనే వాళ్లు ఓబులేసును ఆసుపత్రుల వెంట తిప్పుతున్నారు. ఆ ఆసుపత్రుల వరండాల్లో, ఆ బెంచీల మీద, కుందన కూడా వాళ్ల పక్కనే కూర్చుని ఉంది, బిస్కెట్ తింటూ.

కోసి కుట్టారు. పిల్ల బతికింది. నీ మొహం ఎందుకట్లా తేలికపడుతోంది, ఆగు. పూర్తిగా బాగవలేదు. ఆలస్యమైనందుకు గుండె ఒక పక్క సాగిపోయిందన్నారు, పెద్దయ్యాక మళ్లీ కోయాల్సి రావచ్చన్నారు. పరుగెత్తకూడదన్నారు.

ఎండలు ముదిరాక ఒకరోజు చక్రపాణి ఎర్ర కారుకు మళ్లీ ధడా తీస్తానన్నాడు. అప్పటికే ఓబులేసుకు కారు తిరిగిచ్చారు. తాను కనిపెట్టానన్న జబ్బు గురించి రాసిందంతా చక్రపాణి చింపేశాడు. లావుగా ఉండే మనిషి, సగమయ్యాడు. పాతది చెరిపేముందు, కుందన తానూ కూర్చుంటానంది. ఎవరు కాదంటారు?

అదే సీటు, అదే స్టీరింగు. ఈసారి నిమ్మకాయ లేదు. ఇంజన్ తిరిగింది. అంతా స్క్రీన్ వైపు చూశారు. ఇప్పటి గుండెలోంచి అప్పటి గుండెను తీసేసింది పెట్టె. రెండూ ఒకటైతే గీత చదునుగా ఉండాలి. లేదు. దెబ్బ తప్పిన ప్రతి చోటా ఒక దెబ్బ మిగిలింది. అప్పుడు లేనిది, ఇప్పుడున్నది. ఎన్నో గీతలు చదివిన హేమావతి ఆ ఒక్కటి చదవలేక కళ్లు తుడుచుకుంది.

"చెరిపేయండి సార్," అంది.

ఓబులేసు కారు తలుపు తీశాడు. వంగి రెండు చేతులూ చాపాడు. ఇంటికి అదే ఎర్రమట్టి దారి, అదే ఎండ.

"రా తల్లీ. ఎత్తుకుంటా."

కుందన సీట్లోంచి మెల్లగా దిగింది. చాపిన చేతుల కిందినుంచి తప్పుకుని పక్కన నిలబడింది.

"వద్దు నాన్నా. నేను నడుస్తాలే. నీకు గుండె బాగలేదు కదా."

ఎన్నిసార్లు చెప్పారో ఆ పిల్లకు, నాన్నకేమీ లేదని, అంతా పొరపాటని. తల ఊపేది. ఎత్తుకోనిచ్చేది కాదు. ఆ రోజు కూడా ముందు ఆమె చిన్నగా అడుగులేసుకుంటూ, మధ్యమధ్య ఆగి రొమ్ము మీద చేయి పెట్టుకుంటూ, వెనక చేతులు ఖాళీగా ఓబులేసు. అట్లా నడిచిపోయారు ఇంటికి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇదీ కథ. గుర్తుపెట్టుకో నాయనా. నేను లేని రోజున నీ పిల్లలకు చెప్పు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పు. చెప్పేటప్పుడు ఆ కారు ఎంత వేగమో మరిచిపోయినా ఫర్వాలేదు, ఆ పెట్టె ఎట్లా పనిచేసేదో తప్పు చెప్పినా ఫర్వాలేదు. నిమ్మకాయ పట్టుకుని, కళ్లు మూసుకుని, కదలకుండా కూర్చున్న ఆ పిల్లను మాత్రం వదిలేయకు. ఒకసారి లెక్కలోంచి వదిలేశారు ఆమెను. అది చాలు.